జిగురు మీద నమ్మకం

ప్రయాణికుడు కూర్చునే సీటుకి ఎదురుగా, డయల్స్ పక్కన ఒక చిన్న రేకు ముక్క అంటించి ఉంటుంది. ఈ విమానం ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాలకుండే ప్రభుత్వ భద్రతా నియమాల ప్రకారం తయారైనది కాదు అని దాని సారాంశం. అమెరికాలో ఇంట్లో కట్టుకున్న ప్రతి విమానంలోనూ ఈ హెచ్చరిక ప్రయాణికుడి కంట పడేలా ఉండాలి. ఇది కాక, ఎక్కే చోట ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని కనీసం 2 అంగుళాల అక్షరాలతో రాసి ఉండాలి. మొదటిసారి చూసినప్పుడు సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక గుర్తొచ్చి నవ్వాను. చదివాక కూడా కాల్చేవాడు కాలుస్తాడు, ఎక్కేవాడు ఎక్కుతాడు. చట్టం చేతులు దులుపుకుంది, అంతే అనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఒక మనిషి తన చేతుల్తో కట్టిన వస్తువుని ప్రాణం పెట్టేంతగా నమ్మడానికి హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ నమ్మకాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం కుదురుతుందా? ఆ రేకు ముక్క అడుగుతున్నది ఇదేననిపిస్తోంది.

విమానం పేరు కేఆర్-2. కెన్ రాండ్ అనే ఆయన కాలిఫోర్నియాలో డిజైన్ చేశాడు, 1974లో మొదటిసారి ఎగిరింది. పక్కపక్కన ఇద్దరు కూర్చోవచ్చు, భుజాలు రాసుకుంటాయి. ప్లాన్ల ప్రకారం పొడవు పద్నాలుగున్నర అడుగులు, ఖాళీ బరువు 480 పౌన్లు. అంటే 220 కిలోలు కూడా లేదు, మన బుల్లెట్ బండి కన్నా కాస్త ఎక్కువ. ఇంజను ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుది. నడుం దాకా శరీరం స్ప్రూస్ బద్దలు, ప్లైవుడ్. ఆ పైన, రెక్కల మీద, ఫోమ్ చెక్కి దాని మీద ఎపాక్సీతో అంటించిన గాజుగుడ్డ. నట్లు, బోల్టులు తక్కువే. మనిషిని గాల్లో నిలబెడుతున్నది చాలావరకు జిగురు.

నేను దీన్ని కట్టలేదు. కట్టిన పెద్దాయన ఒకప్పుడు నాతో పనిచేసి రిటైరయ్యాడు. శాన్‌హోసేకి దక్షిణాన గంట దూరంలో ఇల్లు. అప్పటికే నాలుగేళ్ళుగా గ్యారేజీలో కడుతున్నాడు, కార్లు రెండూ ఎండలో ఉండేవి. ఆదివారాలు సాయానికి వెళ్ళేవాణ్ణి. సాయం అంటే ముఖ్యంగా పట్టుకోవడం. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను. తర్వాత గరుకు కాగితంతో రుద్దడం. విమానం కట్టడమంటే పదిలో ఏడొంతులు రుద్దడమేనని ఎవరూ ముందు చెప్పరు.

గాజుగుడ్డ పని చూడ్డానికి బాగుంటుంది. తెల్లటి గుడ్డని ఫోమ్ మీద పరిచి ఎపాక్సీ పోసి రబ్బరు పలకతో లాగుతుంటే, గుడ్డ తడిసినకొద్దీ పారదర్శకంగా మారి మాయమైపోతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే అక్కడ గాలి ఉంది, లేదా జిగురు పట్టలేదు. అప్పుడే సరిచెయ్యాలి. గట్టిపడ్డాక దాని మీద ఫిల్లరు, మళ్ళీ రుద్దుడు, చివరికి తెల్ల రంగు. తెలుపే ఎందుకంటే, ముదురు రంగు ఎండకి వేడెక్కితే ఎపాక్సీ మెత్తబడుతుంది. అదే తెల్ల రంగు కింద ఉన్న తెల్లమచ్చని కూడా దాచేస్తుంది. పెయింట్ అయ్యాక, కట్టినవాడికి తప్ప లోపల ఏముందో ఎవరికీ తెలీదు.

మా నాన్న ఇల్లు కట్టించినప్పుడు స్లాబు వేసే రోజు పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నెత్తిన తువ్వాలేసుకుని అక్కడే నిలబడ్డాడు. మేస్త్రీకి చిరాకేసింది కూడా. “కాంక్రీటు పడ్డాక ఇనుము కనపడదురా” అన్నాడు నాన్న నాతో. అప్పుడది పిసినారి అనుమానంగా అనిపించింది.

చెక్కపనిలో అనుమానం తీర్చుకోవడానికి ఒక పద్ధతుంది. జిగురు కలిపిన ప్రతిసారీ, అదే కప్పులోంచి కొంచెం తీసి రెండు పనికిరాని చెక్కముక్కల్ని అంటించి, తేదీ రాసి పక్కన పెడతారు. ఆరాక విరగ్గొట్టి చూస్తారు. చెక్క చీలి విరిగితే జిగురు మంచిది. జిగురు గీత దగ్గర శుభ్రంగా ఊడివస్తే, ఆ రోజు ఆ కప్పుతో అంటించినదంతా అనుమానమే. పెద్దాయన గ్యారేజీలో ఇలాంటి విరిగిన ముక్కలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

ఆ పెట్టెలో ఒక ముక్క లేదు. అది నేను చెయ్యనిది.

మూడేళ్ళ క్రితం సంగతి. రెక్క లోపల అటూ ఇటూ పోయే దూలాన్ని స్పార్ అంటారు. పైనా కిందా స్ప్రూస్ బద్దలు, ముందూ వెనకా ప్లైవుడ్ పలకలు అంటించి, పొడుగాటి మూసిన పెట్టెలా చేస్తారు. రెక్క మీద పడే భారమంతా దానిదే. ఆ రోజు ఆఖరి పలక అంటించాలి. ఆయనకి ఏదో ఫోన్ వచ్చి లోపలికి వెళ్ళాడు, జిగురు నన్ను కలపమన్నాడు. రెండు డబ్బాలు, రెజిన్, హార్డ్‌నర్, సమానంగా కలపాలి. నేను డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో సమానంగా తూచి కలిపాను. ఇంజనీరుని కదా, కొలత గ్లాసు కన్నా త్రాసు కచ్చితం అనుకున్నాను. ఆయన వచ్చాడు, ఇద్దరం పూసి, పలక పెట్టి, ఇరవై దాకా క్లాంపులు బిగించాం. చీకటి పడింది. మిగిలిన జిగురు కొంచెమే, మా పాప అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. పరీక్ష ముక్క నా బాధ్యత. చెయ్యలేదు. ‘చేశావా’ అని ఆయన అడగలేదు.

మర్నాడు ఆఫీసులో, ఎందుకో గుర్తులేదు, ఆ జిగురు వివరాల పేజీ తీశాను. సమానం అన్నది పరిమాణంలో. బరువులో అయితే నూటికి ఎనభై మూడు. నేను హార్డ్‌నర్ ఎక్కువ పోశాను.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. దాచాలని కూర్చుని నిర్ణయించుకుంటే అది వేరే. నేను చేసింది ఇంకా తెలివైన పని, నన్ను నేను ఒప్పించుకున్నాను. తర్వాతి ఆదివారం వెళ్ళినప్పుడు అంచుల్లోంచి కారి గట్టిపడ్డ జిగురుని గోటితో నొక్కి చూశాను, దిగలేదు. ఈ రకం జిగురు కొలతలో చిన్న తేడాల్ని తట్టుకుంటుందని ఎక్కడో చదివాను. ప్లాన్లలో అవసరానికి మించిన బలం ఎలాగూ పెడతారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఎగురుతున్నవాడు, ఏదైనా తేడా ఉంటే ఆయనకి తెలీదా? ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతే, వారం తిరిగేసరికి నాకు నిజంగానే నమ్మకం కుదిరింది. బాగానే నిద్రపట్టింది కూడా. ఇప్పుడు తల్చుకుంటే భయపెట్టేది ఆ నిద్రే.

ఆంగ్ల గణితవేత్త, తాత్వికుడు క్లిఫర్డ్ 1877లో ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ అనే వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతులు కావాలని అనుమానాలున్నాయి. బాగు చేయించడం ఖర్చు. ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసొచ్చింది, ఈసారీ వస్తుందిలే అని మనసుకి నచ్చజెప్పుకుని, దేవుడి మీద భారం వేసి, వలస వెళ్ళే కుటుంబాల్ని ఎక్కించి సాగనంపుతాడు. పుట్టి మునుగుతుంది. ఆయన బీమా డబ్బు తీసుకుంటాడు. ఆయన అబద్ధమాడాడా? లేదు, మనస్ఫూర్తిగానే నమ్మాడు. కానీ తన ముందున్న ఆధారాలతో అలా నమ్మే హక్కు ఆయనకి లేదంటాడు క్లిఫర్డ్. అక్కడితో ఆగడు. ఓడ మునక్కుండా క్షేమంగా చేరినా, ఆయన తప్పు వీసమెత్తు తగ్గదంటాడు. ఫలితం ఏమైందన్నది కాదు, నమ్మకం ఎలా సంపాదించాడన్నదే లెక్క.

కాలేజీ రోజుల్లో ఈ వ్యాసం చదివి, కాస్త ఛాదస్తం అనుకున్నాను. ప్రతి నమ్మకానికీ రసీదు అడిగితే బతకడం ఎలా? కానీ ఆ పదో రోజు రాత్రి, పాపని పడుకోబెట్టి గిన్నెలు కడుగుతూ ఉంటే, ఓడ యజమాని గుర్తొచ్చాడు. ఆయన పేర్చుకున్న కారణాలూ నావీ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. తేడా ఒక్కటే, నా ఓడలో ముందు ఎక్కేది పెద్దాయన.

ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఎన్ని గ్రాములు?” అని అడిగాడు. కప్పులో ఎంత పోశానో గుర్తున్నంతవరకు చెప్పాను. అదే తప్పు కొలతతో మూడు పరీక్ష ముక్కలు చేశాడు. వారం ఆగి విరగ్గొట్టాం. రెండింటిలో చెక్క చీలింది. మూడోది జిగురు గీత దగ్గరే ఊడింది, అయితే అది క్లాంపు సరిగ్గా బిగియకపోవడం వల్ల కూడా కావచ్చు. అంటే ఏం తేలినట్టు? ఏం తేలలేదు. నేను ఏదో వాదించబోయాను. ఆయన స్పార్‌ని బల్ల మీద పెట్టి రంపం తీశాడు.

కోసిన చోటల్లా ఉలి పెట్టి పలకని పీకి చూశాం. ప్రతిచోటా చెక్కే చీలింది, జిగురు ఎక్కడా వదల్లేదు. నిక్షేపంలాంటి స్పార్. మూడు నెలల పని, ఏరి తెచ్చుకున్న స్ప్రూస్. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది కాదు కదా అన్నాను. “ఏమయ్యేది కాదు. కానీ అది కొయ్యకముందు మనకి తెలీదుగా” అన్నాడాయన. క్లిఫర్డ్ పేరు ఆయన విన్నాడని నేననుకోను.

ఇక్కడ నా మనసులో ఇంకో గొంతు ఉంది, దాన్ని కూడా వినాలి. 1896లో అమెరికన్ తాత్వికుడు విలియం జేమ్స్, క్లిఫర్డ్‌కి జవాబుగా ‘ది విల్ టు బిలీవ్’ రాశాడు. కొన్ని విషయాల్లో ఆధారం పూర్తయ్యేదాకా ఆగడం కుదరదు, ఆగడం కూడా ఒక నిర్ణయమే అన్నది ఆయన వాదన. కొన్నిసార్లు నమ్మకమే ఫలితాన్ని పుట్టిస్తుందని కూడా అంటాడు. కొత్త విమానం మొదటిసారి నేల వదిలే క్షణం చూసినవాళ్ళెవరూ జేమ్స్‌ని కొట్టిపారెయ్యలేరు. చెయ్యగలిగిన పరీక్షలన్నీ నేల మీదే అయిపోయాయి. ఎగురుతుందని చెప్పే చివరి ఆధారం ఎగిరితేనే దొరుకుతుంది. రన్‌వే అయిపోతుండగా సగం మనసుతో కర్ర లాగినవాడికి పూర్తి అనుమానం కన్నా, పూర్తి నమ్మకం కన్నా ఎక్కువ ప్రమాదం. నిరుడు పెద్దాయన మొదటిసారి ఎగిరిన పొద్దున ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నేను రన్‌వే పక్కన నిలబడ్డాను. ఆయన ముఖంలో అనుమానం లేదు. ఉండకూడదు కూడా. కానీ జేమ్స్ ఇచ్చే ఆ చనువు ముందు రోజుల్లో ఉలీ రంపం పట్టుకున్నవాడికే చెల్లుతుందని నాకనిపిస్తుంది. జేమ్స్ ఇందుకు ఒప్పుకుంటాడో లేదో మరి.

చట్టం కూడా కొంత ఇలాగే ఆలోచించినట్టుంది. విమానంలో పెద్ద భాగం, చదువు కోసమో సరదా కోసమో, ఔత్సాహికులే చేసి ఉండాలి, అప్పుడే ఈ కోవలోకి వస్తుంది. ధ్రువీకరణ ఉన్న ఇంజనూ ప్రొపెల్లరూ జోడీ అయితే 25 గంటలు, పెద్దాయనలా కారు ఇంజను పెట్టుకుంటే మామూలుగా 40 గంటలు, జనసమ్మర్దం లేని చోట, సరదా ప్రయాణికులెవర్నీ ఎక్కించకుండా ఎగిరి చూపించాలి. ముందు నీ ప్రాణం పెట్టు, తర్వాత ఇంకొకరిది. ఇందులో నాకు నచ్చిన న్యాయం ఉంది.

ఆ గంటలు పూర్తయ్యాక నన్ను ఎక్కమన్నాడు. ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది: “వాళ్ళావిడ ఎక్కిందా?” ఎక్కలేదు, ఆవిడకి కార్లో వెనక సీటన్నా కళ్ళు తిరుగుతాయి. ఈ జవాబు మా ఇంట్లో పెద్దగా పనిచెయ్యలేదు. అయినా ఎక్కాను. గాల్లో ఉన్న ముప్పై అయిదు నిమిషాల్లో ఎక్కువసేపు చూసింది రెక్క వైపే. అందులో ఉన్నది రెండోసారి కట్టిన స్పార్ అని నాకు తెలుసు. దాని జిగురు కలిపినప్పుడు నేను కొలత గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను.

కొండలు దాటాక దూరంగా మాంటరే అఖాతం కనిపించింది. 1997 అక్టోబర్ 12న గాయకుడు జాన్ డెన్వర్ కూలిపోయింది ఆ నీళ్ళలోనే. ఆయన నడిపింది బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ, అదీ ఇంట్లో కట్టిన ఫోమ్, ఫైబర్‌గ్లాస్ విమానమే. డెన్వర్ కట్టలేదు, కట్టినాయన దగ్గర నేరుగా కొననూ లేదు. 2,700 గంటలకి పైగా అనుభవం ఉన్నవాడే, కానీ ఈ రకానికి కొత్త. ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో మార్చే పిడి, ప్లాన్ల ప్రకారం పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. కట్టినాయన కాక్‌పిట్‌లోకి పెట్రోలు రాకూడదని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. తిప్పాలంటే ఒళ్ళు మెలి తిప్పి వెనక్కి చెయ్యి పెట్టాలి. అలా తిరిగినప్పుడు కుడికాలు తెలీకుండానే పెడల్‌ని తొక్కే ప్రమాదముంది. పిడి మీద గుర్తులు లేవు, పెట్రోలు మట్టం చూపే గొట్టాల మీదా లేవు. బయల్దేరే ముందు మెకానిక్కూ డెన్వరూ ఆ పిడి అందడం లేదని చూసుకున్నారు, దానికి ప్లయర్స్ తగిలించి ప్రయత్నించారు కూడా. పెట్రోలు పోయించుకోమంటే వద్దన్నాడు డెన్వర్. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ మొదటి కారణం ఆయన మీదే పెట్టింది: పిడి తిప్పబోతూ పొరపాటున పెడల్ తొక్కడం, పెట్రోలు నింపుకోకపోవడం. అందని చోట, గుర్తుల్లేకుండా పిడి పెట్టిన నిర్మాత నిర్ణయాన్ని, ఈ రకం మీద డెన్వర్‌కి తగినంత శిక్షణ లేకపోవడాన్ని తోడ్పడిన అంశాలుగా చేర్చింది.

కట్టినాయన నిర్లక్ష్యంగా చేశాడని నేననుకోలేను. భద్రత కోసమే జరిపాడు. ఆయన చేతికి ఆ పిడి ఎక్కడుందో తెలుసు, మనం చీకట్లో మన ఇంట్లో స్విచ్ వేసినట్టు. ఆయన నడిపినంతకాలం అది విమానంలో భాగం, ఆయన ఒంట్లో కూడా భాగం. అమ్మినప్పుడు విమానం ఒక్కటే వెళ్ళింది.

ఈ సంగతి చట్టానికి తెలుసు, సగమే. కట్టినవాడు అర్జీ పెట్టుకుంటే ఆ ఒక్క విమానానికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా జరగాల్సిన తనిఖీ తనే చేసుకోవచ్చు. విమానం అమ్మితే సర్టిఫికెట్ కొన్నవాడికి బదిలీ కాదు. నీకు తెలిసింది నీతోనే ఉంటుంది, అతనికి రాదు అని చట్టమే ఒప్పుకుంటోంది. అయినా అమ్మకాన్ని ఆపదు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఇంతకన్నా సులువుగా తప్పించుకుంటాం. ఓపెన్ సోర్స్ కోడ్‌కి అడుగున పెద్దక్షరాలతో ఒక పేరా ఉంటుంది: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు. నేను కూడా అలా చాలా కోడ్ ఊళ్ళోకి వదిలాను. ఏదైనా తప్పైతే వెనక్కి తిప్పే సౌకర్యం ఉంది. రెక్కకి అది లేదు.

పెద్దాయనకి ఇప్పుడు డెబ్భై ఒకటి. కంటి ఆపరేషన్ తర్వాత ఎగరడం తగ్గించాడు. విమానాన్ని ఏం చెయ్యాలన్నది ప్రశ్న. ఇలాంటివాళ్ళలో కొందరు అమ్మకుండా ముక్కలుగా కోసేస్తారు, రేపు ఎవరో కూలితే తమ మీద దావా వేస్తారని. ఆయనకి దావా భయం లేదు కానీ, కొయ్యాలన్న ఆలోచన ఉంది. అది నాకు తప్పనిపించింది, అలాగే చెప్పాను. కట్టినవాడు పోతే వస్తువూ పోవాలంటే లోకంలో పాత ఇళ్ళుండవు, పడవలుండవు. చెప్పడానికి కుదిరేదంతా రాసిపెట్టి, మిగిలినది పక్కన కూర్చుని నేర్పి ఇవ్వచ్చు కదా అన్నాను. ఆయన విని, “అయితే నువ్వు కొనుక్కో. ఇంకెవరికీ అమ్మను” అన్నాడు.

నిరుడు వేసవిలో నాకు పైలట్ లైసెన్స్ వచ్చింది. డబ్బు కూడా పెద్ద సమస్య కాదు, ఆయన అడిగేది సెకండ్‌హ్యాండ్ కారు ధర. ఇంకా జవాబు చెప్పలేదు. ఒక స్పార్ సంగతి నాకు బాగా తెలుసు. నేను రాకముందు నాలుగేళ్ళ పని నాకు తెలీదు. అంతా ఆయన మాట మీద, నాకు ఆయన మీదున్న గౌరవం మీద ఆధారపడాలి. గౌరవం ఆధారమేనా? మా పాపకి ఇప్పుడు ఏడేళ్ళు, ఆ విమానం ఎప్పుడెక్కిస్తావని అడుగుతోంది.

ఆయన కట్టుబడి రికార్డులు మొత్తం ఏడు ఫైళ్ళు. తేదీలు, ఫొటోలు, ఏ రోజు ఏం అంటించాడు, గదిలో ఎంత వేడి ఉంది. ఇంటికి తెచ్చుకుని రాత్రిళ్ళు చదువుతున్నాను. అయిదో ఫైల్లో నా పేరుంది, గ్రాముల్తో సహా, కింద ‘స్పార్ పారేశాం’ అని ఎర్ర సిరాతో. మొదటి నుంచి వరసగా మొదలుపెట్టి ప్రస్తుతం రెండో ఫైల్లో ఉన్నాను. అందులో తోక ఎడమ వైపు గాజుగుడ్డ వేసినప్పటి ఫొటో ఒకటుంది. మూలన అరచెయ్యంత తెల్లమచ్చ కనిపిస్తోంది, వెలుతురు పడి మెరిసిందో, గాలే ఉండిపోయిందో. కింద తేదీ ఉంది, ఇంకేం రాయలేదు. ఆదివారం వెళ్ళి అడగాలి.